ఆమిష్ ఊళ్ళో చావు, చేతిలో గుండీ: నా కథ ఎక్కడ తప్పింది?

లాంకాస్టర్_లలిత
నాలుగు నెలల నుంచి ఒక కథ రాస్తున్నాను. ఊరు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ, మనుషులు ఆమిష్ వాళ్ళు (కార్లూ కరెంటు తీగలూ వద్దనుకుని పాత పద్ధతిలో బతికే క్రైస్తవ సంఘం), రకం కోజీ మిస్టరీ. తెలియనివాళ్ళ కోసం: కోజీలో రక్తపాతం ఉండదు. చావు తెర వెనకాల జరిగిపోతుంది. పోలీసు కాని మనిషి ఎవరో, సాధారణంగా ఒక పెద్దావిడ, వంటా వార్పూ చేసుకుంటూ ఇరుగుపొరుగుతో మాట్లాడుతూనే గుట్టు విప్పేస్తుంది.

నా కథలో ఆవిడ పేరు లిడియా. అరవై ఏళ్ళు, భర్త లేడు, రోడ్డు పక్కన చిన్న బల్ల వేసుకుని 'పై'లూ (పిండి అప్పంలో తీపి కూరి ఒవెన్‌లో కాల్చేవి) రొట్టెలూ అమ్ముతుంది. మార్చిలో అగ్నిమాపక దళం కోసం జరిగే వేలంపాటకి ముందు ఒక పాత క్విల్టు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన బొంత) మాయమవుతుంది. మూడు రోజులకి ఈలై అనే ముసలాయన తన పశువుల కొట్టంలో గడ్డి అటక మీంచి పడి చనిపోయి కనిపిస్తాడు. గుప్పిట్లో నల్ల కోటు గుండీ. ఆ గుండీ పట్టుకుని లిడియా చర్చి డీకన్ (సంఘ పెద్దల్లో ఒకాయన) దాకా వెళ్తుంది.

నిన్న మా పక్క వీధి ఆవిడకి కథ చెప్పాను. ఆవిడ ఆమిష్ కాదు గానీ వాళ్ళ పొలాల మధ్యనే పుట్టి పెరిగింది. మొత్తం విని "గుండీయా?" అని నవ్వి, ఇంకేం చెప్పకుండా వెళ్ళిపోయింది. రాత్రంతా నిద్ర లేదు. ఎందుకు నవ్విందో ఎవరికైనా తెలుసా?

హారిస్‌బర్గ్_బాబాయ్
ఆమిష్ మగాళ్ళ కోటుకి గుండీలుండవమ్మా. హుక్కులు, కాజాలు. మన ఆడవాళ్ళ జాకెట్టుకి ఉంటాయే, అవే. ఆదివారం వేసుకునే కోటుకీ లోపలి వెయిస్ట్‌కోటుకీ అంతే. పాతకాలం సైనికుల యూనిఫారాల మీద మెరిసే గుండీలు గుర్తొస్తాయని వద్దనుకున్నారని చెప్తారు. ఆడవాళ్ళ గౌన్లకి ముందు వైపు గుండుసూదులు గుచ్చుకుంటారు. పొలంలో వేసుకునే చొక్కాలకీ ప్యాంట్లకీ మాత్రం మామూలు గుండీలే. నువ్వు చొక్కా గుండీ అని రాసుంటే బతికిపోయేదానివి. నల్ల కోటు అన్నావు, దొరికిపోయావు.

తెనాలి_తెంపరి
నాలుగు నెలల కష్టం ఒక్క గుండీకి ఊడింది.

లాంకాస్టర్_లలిత
దేవుడా. కథ మొత్తం ఆ గుండీ మీదే నడుస్తోంది.

ఉలవచారు
ఒక అజ్ఞానపు ప్రశ్న. పెళ్ళి పత్రికల మీద 'నిరామిష భోజనం' చూసి చూసి, ఆమిష్ అంటే మాంసం తినేవాళ్ళ సంఘం ఏదో అనుకున్నా. తింటారా తినరా?

హారిస్‌బర్గ్_బాబాయ్
సుబ్బరంగా తింటారు. పేరుకీ దానికీ సంబంధం లేదు. యాకోబ్ అమ్మన్ అని ఒకాయన ఉండేవాడు. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ (ఇప్పటి ఫ్రాన్స్) వైపు అనాబాప్టిస్టుల్లో, అంటే పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే క్రైస్తవుల్లో, గొడవొచ్చింది. సంఘం కట్టుబాటు తప్పినవాణ్ణి వెలివేస్తే వాడితో కలిసి భోజనం చెయ్యాలా వద్దా అన్నది అందులో పెద్ద తగువు. చెయ్యకూడదన్నవాళ్ళు అమ్మన్ వెనక నడిచారు. తర్వాతి శతాబ్దంలో పెన్సిల్వేనియాకి ఓడలెక్కారు. ఇప్పుడు అన్ని చోట్లా కలిపి దాదాపు 4 లక్షల మంది. లాంకాస్టర్ చుట్టుపక్కలే 40 వేలు దాటారు.

కరీంనగర్_కుర్రోడు
అంటే 330 ఏండ్ల కింద ఒక బంతి భోజనం దగ్గర మొదలైన లొల్లి. మా చుట్టాల్లో ఇంతకన్నా చిన్నదానికే రెండు వర్గాలైనయి.

ఒహాయో_ఓబులేసు
లలిత గారూ, బగ్గీలు ఏం రంగు రాసినారు?

లాంకాస్టర్_లలిత
నలుపు...

ఒహాయో_ఓబులేసు
అయిపాయ. నలుపు మా హోమ్స్ కౌంటీలో. మీ లాంకాస్టర్‌లో బూడిద రంగు కదా. మీరు ఆడే ఉండి ఎట్ల రాసినారు?

లాంకాస్టర్_లలిత
రోజూ ఆఫీసుకెళ్ళే దారిలో కనీసం నాలుగు బగ్గీల వెనక ఇరుక్కుంటాను. అన్నీ బూడిద రంగే. అయినా రాయడానికి కూచుంటే వేలు 'నల్ల బగ్గీ' అనే కొట్టింది. కళ్ళు చూసింది ఒకటి, మనసులో ఉన్న బొమ్మ ఇంకొకటి. సిగ్గుగా ఉంది.

హారిస్‌బర్గ్_బాబాయ్
రంగు చిన్న విషయం అనుకోకండి. మిఫ్లిన్ కౌంటీలో బిగ్ వ్యాలీ అని ఒక లోయ ఉంది. అక్కడ మూడు ఆమిష్ సంఘాలు. ఒకరి బగ్గీ టాపు తెలుపు, ఒకరిది పసుపు, ఇంకొకరిది నలుపు. రోడ్డు మలుపులో బగ్గీ టాపు కనిపిస్తే చాలు, ఎవరి తాలూకో చెప్పేయొచ్చు. మిస్టరీ రాసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

పాత_పుస్తకాల_పురుగు
అద్దె లైబ్రరీలో రోజుకో డిటెక్టివ్ నవల మింగిన తరం మాది. ఇంగ్లీషులో వచ్చే ఆమిష్ కోజీలు కూడా ఓ డజను చదివాను. నా అభిప్రాయం: చాలావాటిల్లో ఆమిష్‌తనం బోనెట్టూ పైలూ దగ్గరే ఆగిపోతుంది. ఆ టోపీ తీసేస్తే అదే కథ ఏ ఊళ్ళోనైనా జరగొచ్చు. లలిత గారూ, గుండీ సంగతి పక్కన పెట్టండి, మీ హంతకుడు ఎవరు? డీకన్ అనిపించి చివరికి బయటి రియల్ ఎస్టేట్ వాణ్ణి చేశారు కదూ?

లాంకాస్టర్_లలిత
...అవును.

తెనాలి_తెంపరి
పురుగు గారు లిడియా కన్నా ఫాస్టు.

పాత_పుస్తకాల_పురుగు
ఇందులో నా గొప్పేం లేదు. నేను చదివినవాటిల్లో సగానికి పైగా అంతే. లోపలివాళ్ళని దోషులు చెయ్యడానికి రచయితకి చెయ్యి రాదు, అందుకని కారులో ఒకణ్ణి బయటి నుంచి దింపుతారు.

కరీంనగర్_కుర్రోడు
నాకు ఇంకో డౌట్. కరెంట్ లేదు, ఫోన్ లేదు, సీసీ కెమెరా లేదు. సాక్ష్యం ఎక్కడికెళ్ళి వస్తది?

హారిస్‌బర్గ్_బాబాయ్
కరెంటు లేదన్నది సగం నిజం తమ్ముడూ. బయటి తీగ ఇంట్లోకి రాకూడదు, అదీ రూలు. డీజిల్ ఇంజను పెట్టుకుంటారు, దాంతో గాలి కుదించి గొట్టాల్లో పంపి కుట్టుమిషన్లూ వడ్రంగి మిషన్లూ తిప్పుతారు. ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాస్ మీద. కొన్నిచోట్ల సోలార్ పలకలూ బ్యాటరీలూ వచ్చేశాయి. ప్రతి సంఘానికీ తన కట్టుబాటు ఉంటుంది, దాన్ని ఓర్డ్‌నుంగ్ అంటారు. 20 నుంచి 40 కుటుంబాలు ఒక సంఘం. రోడ్డుకి ఈ పక్క ఒప్పుకున్నది ఆ పక్క తప్పు కావచ్చు.

ఫోనూ ఉంటుంది, ఇంట్లో కాదు. పొలం చివర చిన్న చెక్క గది, మన ఊళ్ళో బావి దగ్గర మోటారు గది ఉంటుందే, అంత. రెండు మూడు ఇళ్ళకి కలిపి ఒకటి. లోపల గోడకి పెన్సిలు కట్టి ఉంటుంది, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాసుకోవడానికి. ఆ కాగితం చాలు ఒక నవలకి.

ఉలవచారు
ఆ పెన్సిలుకి దారం కట్టి ఉంటుందా? మా పోస్టాఫీసు గుర్తొచ్చింది.

తెనాలి_తెంపరి
అడుగుతున్నానని కాదు గానీ, అసలు తెలుగులో ఆమిష్ కథ ఎందుకు? తెనాలిలో చావులు లేవా, గుండీలు లేవా? తెల్లవాళ్ళు మన గురించి పాములూ ఏనుగులూ అని రాస్తే మండిపడతాం. మనం వెళ్ళి వాళ్ళ గురించి లాంతర్లూ బగ్గీలూ అని రాయొచ్చా?

లాంకాస్టర్_లలిత
న్యాయమైన ప్రశ్న. ఎందుకో చెప్తాను.

ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది, ఒక పొలం దగ్గర బల్ల మీద గుమ్మడికాయలు పెట్టి ఉన్నాయి. మనిషి లేదు. పలక మీద సుద్దతో ధర, పక్కన డబ్బులెయ్యడానికి రేకు పెట్టె. నాకు కావాల్సినవి 7 డాలర్లు. నా దగ్గర 20 నోటు ఒక్కటే. అందులో వేసేసి, పోనీలే అనుకుని వచ్చేశాను. మరుసటి వారం అటు వెళ్తే బల్ల మీద చిన్న కాగితం సంచి, మీద పెన్సిలుతో 'నీలం కారు ఆవిడకి' అని రాసుంది. లోపల 13 డాలర్లు. వారం రోజులు ఆ సంచి రోడ్డు పక్కనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

నన్ను పట్టుకున్నది ఆ సంచి కాదు. ఆ రోజు నేను ఆగింది నిమిషం కూడా కాదు, చుట్టుపక్కల పురుగు కనపడలేదు. మరి నా కారు నీలమని ఎవరు చూశారు? నా కథ అక్కడ మొదలైంది.

తెనాలి_తెంపరి
సరే, మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ సంచి కథలో ఉందా?

లాంకాస్టర్_లలిత
లేదు.

తెనాలి_తెంపరి
గుండీ ఉంది, సంచి లేదు. బాగుందండీ.

నైట్‌డ్యూటీ_నర్సు
నేను పనిచేసే చోటికి ఆమిష్ కుటుంబాలు వస్తుంటాయి. వాళ్ళు మమ్మల్ని 'ఇంగ్లీష్' అంటారు. బయటివాళ్ళు ఎవరైనా ఇంగ్లీషే. నర్సీపట్నంలో పుట్టి, రోజూ చద్దన్నం తిని పెరిగిన నన్ను, గడ్డం తాతగారొకరు చాలా మర్యాదగా "ఈ ఇంగ్లీష్ అమ్మాయి బాగా చూసుకుంటోంది" అన్నారు. ఇంట్లో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్, అంటే జర్మన్ యాస. హాలెండ్‌తో సంబంధం లేదు.

వాళ్ళు ఆరోగ్య బీమా కొనరు. ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ కూడా వద్దన్నారు, 1965లో చట్టమే మినహాయింపు ఇచ్చింది. పెద్ద బిల్లొస్తే సంఘం మొత్తం వేసుకుని కడుతుంది. కథకి కారణం కావాలంటే రియల్ ఎస్టేట్ కన్నా ఇది గట్టిది: డీకన్ చేతిలో ఉండే సహాయం డబ్బు.

ఇంకోటి, చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా. వాళ్ళ పిల్లల్లో కొన్ని అరుదైన జన్యు జబ్బులు ఎక్కువ. మేనరికాల వల్ల కాదు. సొంత బాబాయ్ పిల్లలూ మేనత్త పిల్లలూ పెళ్ళి చేసుకోవడం వాళ్ళకి నిషిద్ధం. మొదట్లో వచ్చిన కుటుంబాలే కొద్ది, అందరూ ఆ కొద్దిమంది సంతానం, అదీ కారణం. వాళ్ళ కోసమే 1989లో స్ట్రాస్‌బర్గ్‌లో పిల్లల క్లినిక్ ఒకటి పెట్టారు. మొదట్లో మొక్కజొన్న చేల మధ్య ఉండేది, బయట గుర్రాలు కట్టడానికి చోటుండేది.

కరీంనగర్_కుర్రోడు
మేనరికాల్లో మనమే ముందున్నమన్నమాట.

పాత_పుస్తకాల_పురుగు
డీకన్ డబ్బు తిన్నాడు అనేది కూడా అరిగిపోయిన రికార్డే. గుడి ధర్మకర్త హుండీ తిన్నట్టు.

హారిస్‌బర్గ్_బాబాయ్
డీకన్ని దొంగ చెయ్యడం నాకూ నచ్చలేదు, కానీ నా కారణం వేరు. డీకన్ అంటేనే సగం డిటెక్టివ్. ఫలానావాడు కట్టుబాటు తప్పాడని చెవిన పడితే బిషప్పు ముందు పంపేది డీకన్నే, ఇంటికెళ్ళి నిజమేనా అని కనుక్కు రమ్మని. పైగా పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఆయనే. పాతకాలం పద్ధతిలో అబ్బాయి తరఫున అమ్మాయి ఇంటికి గుట్టుగా రాయబారం వెళ్ళేవాడు. ఇంతా చేసి ఆ పదవి ఆయన కోరుకున్నది కాదు. పాటల పుస్తకాల వరసలో ఒకదాంట్లో చీటీ పెడతారు, ఎవరు తీసిన పుస్తకంలో చీటీ ఉంటే వాళ్ళు ఆ రోజు నుంచి జీవితాంతం పదవిలో. జీతం లేదు. చీటీ వచ్చినవాడి భార్య ఏడుస్తుందని విన్నాను.

ఉలవచారు
మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పదవి కూడా ఇలాగే వచ్చింది నాకు.

లాంకాస్టర్_లలిత
పెళ్ళిళ్ళంటే గుర్తొచ్చింది. మా దగ్గర పెళ్ళిళ్ళు ఎక్కువగా నవంబరు మంగళ, గురువారాల్లో. కొద్ది వారాల ముందు చర్చిలో ప్రకటించేదాకా పైకి చెప్పరు. కానీ పెళ్ళి విందుకి సెలెరీ కాడలు బోలెడు కావాలి, ఉడికించిన కూరకీ, బల్ల మీద గాజు గ్లాసుల్లో అలంకారానికీ. అందుకని వేసవిలోనే పెరట్లో వేస్తారు. పక్కింటి పెరట్లో సెలెరీ చాళ్ళు లెక్కపెట్టి ఈ ఏడు ఆ ఇంటి అమ్మాయికి ముహూర్తం ఉందని కనిపెట్టేస్తారు. ఇది కథలో పెట్టాను. లిడియా తెలివి చూపించడానికి.

పాత_పుస్తకాల_పురుగు
ఇదండీ అసలు కోజీ అంటే. గుండీలు తీసి పారెయ్యండి.

ఒహాయో_ఓబులేసు
వాళ్ళల్లో నిజంగా నేరాలే ఉండవనుకోకండి. మా ఒహాయోలో 2011లో బెర్గోల్జ్ దగ్గర ఒక గుంపు వేరే ఆమిష్ వాళ్ళ ఇండ్ల మీద పడి మగోళ్ళ గడ్డాలు, ఆడోళ్ళ జుట్టు కత్తిరించినారు. పెండ్లయినోడికి గడ్డమంటే మానం. ఫెడరల్ కోర్టు దాకా పోయింది, జైలు శిక్షలు పడినాయి. ఎవురో బయటోడు కాదు, సొంత మనుషులే.

పాత_పుస్తకాల_పురుగు
చూశారా. కాబట్టి హంతకుడు లోపలివాడే కావాలి.

నైట్‌డ్యూటీ_నర్సు
ఎందుకు కావాలి? తప్పు చేసేవాళ్ళు అన్ని చోట్లా ఉంటారు, ఒప్పుకుంటాను. అసలు హత్యే ఎందుకు కావాలి అంటున్నా. ముసలాయన అటక మీంచి పడ్డాడు. పొలాల్లో అది జరుగుతూనే ఉంటుంది. గడ్డి కిందికి తొయ్యడానికి అటకలో కన్నాలుంటాయి, వాటిల్లోంచి జారిపడినవాళ్ళని చూశాను. ఎక్కువ మంది పిల్లలు. ఆ చావుకి హంతకుడు అక్కర్లేదు.

తెనాలి_తెంపరి
హత్య లేని మర్డర్ మిస్టరీ. ఉప్పు లేని ఆవకాయ.

పాత_పుస్తకాల_పురుగు
నాకు ఇంకో సమస్య కనిపిస్తోంది, దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. లిడియా కనిపెట్టింది సరే. తర్వాత ఏం చేస్తుంది? వాళ్ళు కోర్టుకెక్కి దావా వెయ్యరు. సాక్ష్యానికి పిలిస్తే ప్రమాణం చెయ్యరు, 'నిజమే చెప్తాను' అని మాత్రం అంటారు. పోలీసు ఉద్యోగం చెయ్యరు. అన్నిటికీ మించి, క్షమించడం వాళ్ళకి విధి. మామూలు కోజీలో ఆఖరి అధ్యాయం అందర్నీ ఒక గదిలో కూచోబెట్టి 'నువ్వే' అని వేలు చూపడం. ఇక్కడ ఆ వేలే లేవదు కదా?

హారిస్‌బర్గ్_బాబాయ్
లేవదు. 2006 అక్టోబరు 2న నికెల్ మైన్స్ అనే చోట వాళ్ళ ఒంటిగది బళ్ళోకి ఒక పాలవ్యాను డ్రైవరు తుపాకీతో వెళ్ళాడు. పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. ఐదుగురు పోయారు. తర్వాత తనూ కాల్చుకున్నాడు. ఆ రోజే ఆమిష్ వాళ్ళు అతని భార్య దగ్గరికి, అతని తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి పలకరించారు. అతన్ని పూడ్చేటప్పుడు స్మశానంలో నిలబడ్డవాళ్ళలో సగానికి పైగా ఆమిష్ వాళ్ళే. పది రోజుల్లో ఆ బడి పడగొట్టేశారు. అక్కడిప్పుడు పచ్చిక బయలే. మేము అప్పటికి వచ్చి రెండేళ్ళు. మా అమ్మాయికి ఏడేళ్ళు. ఆ వారం మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

ఉలవచారు
(ఇక్కడ జోకు వెయ్యను.)

నైట్‌డ్యూటీ_నర్సు
బాబాయ్ గారు చెప్పింది నిజం, గొప్పది కూడా. దాని రెండో వైపు కూడా రాయాలి. ఇంట్లో పిల్లల మీద జరిగే అఘాయిత్యాలకి కూడా ఇదే పద్ధతి వాడిన సందర్భాలు ఉన్నాయి. తప్పు చేసినవాడు సంఘం ముందు మోకాళ్ళ మీద ఒప్పుకుంటాడు, ఆరు వారాలు వెలి ఉంటాడు, తిరిగి చేర్చుకుంటారు, ఇక ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పు. బయటికొచ్చేసిన ఆడవాళ్ళు కొందరు ఇది బహిరంగంగానే చెప్పారు. క్షమించమని అడిగేదెవరు, క్షమించాల్సిందెవరు? అందమైన లాంతరు వెలుగులో ఇది కనపడకుండా పోతే ఆ కోజీ నేను చదవను.

తెనాలి_తెంపరి
చదువు కూడా ఎనిమిదో క్లాసుతో ఆపేస్తారు కదా?

హారిస్‌బర్గ్_బాబాయ్
అవును. 1972లో సుప్రీం కోర్టు సరేనంది. నర్సమ్మా, నువ్వన్నది కాదనను. నా పక్కింటాయన మీద నాకున్న గౌరవంతో మొత్తానికి సున్నం కొట్టేస్తున్నానేమో.

మోడరేటర్
చర్చ బాగుంది. ఎవరూ తమకి తెలిసిన కుటుంబాల పేర్లు రాయకండి. లలిత గారి కథ వైపు రండి.

ఒహాయో_ఓబులేసు
నా సొంత అనుభవం ఒకటి. కథకి పనికొస్తదేమో చూడండి.

ఇంట్లో దేవుడి మందిరం చేయించాలని హోమ్స్ కౌంటీలో ఒక ఆమిష్ వడ్రంగి దగ్గరికి పోయినాం. కాస్త కట్టుబాట్లు ఎక్కువుండే సంఘం. చెర్రీ చెక్క, పైన చిన్న గోపురం, రెండు తలుపులు, కింద సొరుగు. కాగితం మీద మా ఆవిడ బొమ్మేసి చూపించింది. ఆయన చాలాసేపు చూసి "ఇందులో ఏం పెడతారు?" అన్నాడు. నాకేమో భయం, బొమ్మలంటే ఒప్పుకోడేమోనని. వాళ్ళ పిల్లల బొమ్మలకి కండ్లూ ముక్కూ కూడా కుట్టరు కదా. "దేవుణ్ణి" అన్నా. తలూపి, టేపు తీసి కొలతలు ఇంకోసారి కొలుచుకున్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

జూన్‌లో శనివారం పొద్దున 8కి వచ్చి తీసుకుపోమన్నాడు. రెండు గంటలు బండి తోలుకుని కరెక్టుగా 8కి పోతే కొట్టు మూసుంది. కుక్క తప్ప ఎవురూ లేరు. 9కి నింపాదిగా వచ్చి తలుపు తీసినాడు. నేను వాచీ చూపించినా. ఆయన లోపల గోడ గడియారం చూపించినాడు. 8 గంటలు. "మీది ఫాస్ట్ టైమ్, మాది స్లో టైమ్" అన్నాడు. మార్చిలో అమెరికా దాదాపు అంతా గడియారం గంట ముందుకు తిప్పుకుంటదా, కొన్ని ఆమిష్ సంఘాలు తిప్పవు. కొన్నిచోట్ల చర్చికి మటుకు పాత టైమే.

పాత_పుస్తకాల_పురుగు
ఆగండి. ఆగండి. లలిత గారూ, మీ వేలంపాట మార్చిలో కదూ?

లాంకాస్టర్_లలిత
మార్చి రెండో శనివారం!! గడియారాలు తిప్పేది రెండో ఆదివారం తెల్లవారుజామున. ఈలై చనిపోయింది మంగళవారం సాయంత్రం. నాకు చేతులు వణుకుతున్నాయి.

కరీంనగర్_కుర్రోడు
నాకు సమజ్ కాలే.

పాత_పుస్తకాల_పురుగు
నేను చెప్తా. ఈలైకి ఒక మనవడున్నాడనుకోండి, పదిహేడేళ్ళవాడు. ఇళ్ళు కట్టే పనికెళ్తాడు. ఆమిష్ వాళ్ళు కారు నడపరు గానీ ఎక్కుతారు, డబ్బులిచ్చి బయటి డ్రైవర్ని పెట్టుకుంటారు. డ్రైవరు పోలీసుతో అంటాడు: "కుర్రాణ్ణి పొలం మొదట్లో 7కి దింపాను." ఇంట్లోవాళ్ళు అంటారు: "వాడు ఇంట్లోకి వచ్చింది 7కి." పోలీసు రాసుకుంటాడు. దింపింది ఏడు, వచ్చింది ఏడు, మధ్యలో ఏమీ లేదు. అందరూ నిజమే చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు. కానీ మధ్యలో ఒక గంట మాయం.

ఉలవచారు
అంటే ఇంట్లోవాళ్ళ 7 అంటే బయట 6 కదా? అప్పుడు కుర్రాడు దింపకముందే ఇంటికి చేరిపోయాడా?

తెనాలి_తెంపరి
ఉలవచారు గారు టైమ్ మెషీన్ కనిపెట్టారు.

హారిస్‌బర్గ్_బాబాయ్
తిరగేశావు నాయనా. డ్రైవరుకి 7 అయినప్పుడు ఇంటి గడియారంలో 6. ఇంటి గడియారం 7 కొట్టేసరికి బయట 8. దింపడానికీ ఇల్లు చేరడానికీ మధ్య సరిగ్గా గంట. మార్చి మధ్యలో ఇక్కడ కొత్త టైము ప్రకారం ఏడుంపావు ప్రాంతంలో పొద్దు గూకుతుంది. దింపినప్పుడు ఇంకా వెలుగుంటుంది, ఇంట్లోకొచ్చేసరికి లాంతరు వెలిగించి ఉంటుంది. లిడియా పట్టుకోవాల్సింది గడియారాన్ని కాదు, ఆ లాంతరుని.

ఉలవచారు
ఒప్పుకున్నా. ఇండియా పంచాంగం చూసి ఇక్కడ వరలక్ష్మీ వ్రతం చేసే ఇంట్లోవాణ్ణి, నాకు టైముల లెక్క ఎప్పటికీ రాదు.

కరీంనగర్_కుర్రోడు
ఇప్పుడు సమజైంది. మస్తుంది ఇది.

నైట్‌డ్యూటీ_నర్సు
ఆ గంటలో ఏం జరిగింది మరి?

లాంకాస్టర్_లలిత
ఆలోచిస్తున్నా. క్విల్టు కూడా వాడే తీశాడు. పాత సామాన్ల కొట్టుకి అమ్మాడు. చెల్లెలి వైద్యానికి...

తెనాలి_తెంపరి
రాత్రి ఏడున్నర సీరియల్ మొదలైంది. చెల్లెలికి మాటలు కూడా పోయాయా?

లాంకాస్టర్_లలిత
సరే సరే. ఫోన్ కోసం. మామూలు స్మార్ట్ ఫోన్. పదహారు దాటిన పిల్లలకి రుమ్‌స్ప్రింగా అని కొంత స్వేచ్ఛ ఉంటుంది, చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఫోన్ గడ్డి అటకలో దాస్తాడు. తాతకి అనుమానం వచ్చి పైకెక్కుతాడు, మాటా మాటా పెరుగుతుంది, ముసలాయన వెనక్కి అడుగేస్తాడు. నర్సు గారు చెప్పిన కన్నం. కుర్రాడు ఆ గంటసేపు పక్కనే కూచుంటాడు. చేతిలో ఫోన్ ఉంది, అంబులెన్సుని పిలవొచ్చు. పిలిస్తే ఫోన్ ఉందని తెలిసిపోతుంది.

నైట్‌డ్యూటీ_నర్సు
అమ్మో. ఇది బాగా బరువు. మంచి బరువు.

పాత_పుస్తకాల_పురుగు
కోజీకి ఎక్కువైందేమో గానీ నేను చదువుతా.

హారిస్‌బర్గ్_బాబాయ్
ఒక్క చిక్కు. పదిహేడేళ్ళవాడికి ఇంకా బాప్తిస్మం అయ్యుండదు. పెద్దయ్యాక సొంతంగా ఒప్పుకుని తీసుకునేదాకా వాడు సంఘ సభ్యుడే కాదు. సభ్యుడు కానివాణ్ణి సంఘం శిక్షించదు, వెలి వెయ్యదు. నీ ఆఖరి అధ్యాయంలో ఒప్పుకోలు ఎవరిది?

లాంకాస్టర్_లలిత
డీకన్‌ది.

కుర్రాడు ఆ రాత్రే వెళ్ళి డీకన్‌కి చెప్పేశాడు. కనుక్కు రావడం ఆయన పనే కదా. కనుక్కున్నాడు, వారం రోజులు ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు, పిల్లాడు పాడైపోతాడని. లిడియా వెళ్ళి వేలు చూపించదు. పై ఒకటి పట్టుకెళ్ళి వాళ్ళింటి బల్ల మీద పెట్టి, "ఆ రోజు మీ వాకిట్లో లాంతరు ఎన్నింటికి వెలిగించారు?" అని మాత్రం అడుగుతుంది. మరుసటి చర్చి ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లల్ని బయటికి పంపి సభ్యులు మాత్రమే కూచునే చోట, ఆయనే లేచి మోకాళ్ళ మీద కూచుంటాడు. పోలీసుకి చెప్పాలా వద్దా అన్నది అక్కడ ఎవరూ ఎత్తరు. లిడియా ఇంటికెళ్ళే దారిలో ఫోన్ గది ముందు ఆగుతుంది.

నైట్‌డ్యూటీ_నర్సు
లోపలికి వెళ్తుందా?

లాంకాస్టర్_లలిత
ఇంకా తెలీదు.

నైట్‌డ్యూటీ_నర్సు
వెళ్ళాలి.

హారిస్‌బర్గ్_బాబాయ్
వెళ్ళదు. ఆ సంఘంలో పుట్టినావిడ వెళ్ళదు.

నైట్‌డ్యూటీ_నర్సు
వెళ్ళినవాళ్ళు ఉన్నారు బాబాయ్ గారూ.

ఉలవచారు
మీరిద్దరూ తేల్చుకునేలోపు, కోజీ చివర వంటకం ఉంటుందట కదా? షూఫ్లై పై (మొలాసిస్ అనే చెరకు పాకంతో చేసే పై) చెయ్యడానికి బెల్లంపాకం వాడొచ్చా? మొలాసిస్ వాసన మా ఇంట్లో పడదు.

లాంకాస్టర్_లలిత
వాడాను. అడుగు పాకం బాగానే వచ్చింది, పైన పొడి కొంచెం తడిసింది. ఒవెన్‌లో ఇంకో పది నిమిషాలు ఉంచండి.

మొదటి పేరా మళ్ళీ రాశాను, చూడండి: "మార్చి బురదలో గుర్రాలు నాగలి లాగుతున్నాయి. లిడియా గౌనుకి ఆఖరి గుండుసూది గుచ్చుకుని వాకిట్లోకి వచ్చింది. రోడ్డు మీద బూడిద రంగు బగ్గీ ఒకటి..."

హారిస్‌బర్గ్_బాబాయ్
గుండుసూది సరే, బూడిద రంగు సరే. లాంకాస్టర్‌లో పొలం పనికి గుర్రాలు తక్కువ, కంచరగాడిదలు కట్టడం మామూలు. గుర్రం బగ్గీకి.

లాంకాస్టర్_లలిత
బాబాయ్ గారూ, మీరు నిద్రపోరా?

తెనాలి_తెంపరి
ఏ టైము ప్రకారం?